చర్చి తలుపు మీద తీర్పు

కెసాన్ సిటీ,
ఫిబ్రవరి 18, 1997

పెద్దమ్మా,

మోకాళ్ళు ఎలా ఉన్నాయి? మేక ఈనిందా? కొత్త ఫాదరుగారి ప్రసంగాలు ఇంకా అంత పొడుగేనా?

ఇవన్నీ ముందు అడక్కపోతే మిగతా ఉత్తరం చదవవని అడిగేశాను. ఇక అసలు సంగతి. నా సినిమా విడుదలైంది. పోయి పోయి ఉపవాసాలు మొదలయ్యే విభూది బుధవారం నాడు విడుదల చేశాడు మా నిర్మాత, అంత తెలివైనవాడు. పేరు "పండక్కి వచ్చిన ప్లంబరు". కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టెయ్యకు, పూర్తిగా చదువు.

అవును, మన ఇంటి కథే. మూడేళ్ళ కిందట ఊరి పండక్కి విల్మర్‌ని తీసుకొచ్చాను గుర్తుందా? భోజనాల దగ్గర మేయరుగారి భార్య "ఈ అబ్బాయెవరు?" అని అడిగింది. నువ్వు రెప్ప కూడా వెయ్యకుండా "పంపు బాగుచెయ్యడానికొచ్చిన ప్లంబరు" అన్నావు. హైస్కూల్లో సైన్సు పాఠాలు చెప్పే మనిషిని! వాడు చొక్కా చేతులు మడుచుకుని పెరట్లోకెళ్ళి నిజంగానే ఆ పంపుతో కుస్తీ పట్టాడు. అందరూ తిని లేచాక గట్టు మీద కూర్చుని తిన్నాడు. నేనూ నోరెత్తలేదులే, తప్పు నీ ఒక్కదానిదే అనను. తిరిగొచ్చేటప్పుడు ఓడలో ఉన్నట్టుండి నవ్వడం మొదలెట్టాడు. "మీ పెద్దమ్మ ఒక్క పూటలో నా ఉద్యోగం మార్పించేసింది" అన్నాడు. ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం. సినిమా అక్కడే పుట్టింది.

ఇక్కడ హాళ్ళలో జనం పడీ పడీ నవ్వుతున్నారు. సినిమాలో ఆ ఇంట్లోవాళ్ళు, పక్కింటివాళ్ళు, చివరికి ఫాదరుగారు కూడా కారే కుళాయిలన్నీ వాడికే అప్పగిస్తారు మరి. పేపర్లవాళ్ళ సంగతంటావా, తలకో మాట. ఒకాయన "నవ్వించి నవ్వించి చివర్లో ఏడిపించింది" అన్నాడు. ఇంకొకావిడ "ఇద్దరు మగవాళ్ళ ప్రేమకథ అని పేరేగానీ, వాళ్ళు ఒక్కసారైనా చెయ్యి పట్టుకోరు, ఈ దర్శకుడికి ఎవరంటే భయం?" అని కడిగేసింది. ఎవరంటే భయమో నీకు చెప్పనక్కర్లేదు.

మార్చి ఒకటిన మన ఊరి టాకీసుకి వస్తోంది. నువ్వు చూడాలి పెద్దమ్మా. ముందే చెబుతున్నా, నీలాంటి మనిషి అందులో ఉంది. చూశాక మనసొప్పితే "ఇద్దరూ రండి" అని ఒక్క ముక్క రాయి. మే పదిహేనుకి పండక్కి వస్తాం. ఒప్పకపోతే నేనొక్కణ్ణీ మాత్రం ఇక రాను. వాణ్ణి పెరట్లో వదిలేసి ఆ బల్ల దగ్గర కూర్చోవడం ఇంకోసారి నావల్ల కాదు.

నీ చేతి ముద్ద తిని పెరిగినవాడు,
నోనిలోన్


శాన్ ఇసిద్రో,
మార్చి 3, 1997

ఒరేయ్ తోతో,

దేవుడు నిన్ను చల్లగా చూడాలి. మేక ఈనింది, రెండు పిల్లలు. ఒకటి నల్లది, ఒకటి తెల్లది. తెల్లది అచ్చం మేయరుగారి భార్య చూసినట్టు చూస్తుంది, దానికి పాలు పట్టాలంటే నాకు భయం వేస్తోంది. మోకాళ్ళ గురించి చెప్పుకుంటే పోయేవి కావు కాబట్టి చెప్పను. ఫాదరుగారి ప్రసంగం మొన్న ఆదివారం ఎంత సాగిందంటే, కందులు పొయ్యి మీద పెట్టి వెళ్ళిన ఆడవాళ్ళందరి ఇళ్ళలోనూ మాడు వాసన.

నీ సినిమా శనివారం వచ్చింది. గోడ మీద పెద్ద బొమ్మ వేశారు, నీ పేరు కింద చిన్నగా ఉంది. నేనింకా చూళ్ళేదు. ఉపవాసాల రోజులు కదా, పైగా ఆ మెట్లెక్కడం నావల్ల కాదు. చూసినవాళ్ళు చెప్పుకుంటుంటే చెవిన పడిందంతే.

ఆ పెద్దమ్మ వేషం వేసినావిడ ఎవర్రా? దేశం మొత్తానికి అంత లావుపాటి మనిషే దొరికిందా నీకు? జపమాల చేత పట్టుకుని చేపలు బేరమాడుతుందట. నేనెప్పుడైనా జపమాలతో చేపలు బేరమాడానా? సంచిలో పెట్టుకునేదాన్ని. ఇంకా, "ప్లంబరు" అన్నప్పుడు హాలు హాలంతా ఘొల్లుమందట. ముందు వరసలవాళ్ళు నవ్వుతూ వెనక్కి తిరిగి చూశారట. ఎవర్ని చూశారో నాకేం తెలుసు. చివరికి అందరూ ఊరేగింపుకి పోతే ఆవిడొక్కతే వంటింట్లో నిలబడి మూకుట్లోంచి తింటుందట, దిక్కులేని దానిలా. పెంచిన చేతికి మంచి బహుమానమే ఇచ్చావురా అని అనుకున్నారు. నేను కాదు, చూసినవాళ్ళు.

పేపర్లలో నిన్ను మెచ్చుకున్నందుకు సంతోషం. నీ ఫొటో వచ్చిందని పక్కింటి కోరసోన్ చెప్పింది, చొక్కా ఇస్త్రీ లేదట.

మే నెల ఇంకా చాలా దూరం. అప్పుడు చూద్దాం.

ఆశీస్సులతో,
పెద్దమ్మ పెర్పెతువా

తా.క. ఎండు చేపలు పంపుతున్నాను. రెండో పొట్లం నీకు కాకపోయినా ఫరవాలేదు, ఎవరికైనా పెట్టు.


కెసాన్ సిటీ,
మార్చి 15, 1997

పెద్దమ్మా,

చేపలు అందాయి. రెండో పొట్లం చేరాల్సినవాడికే చేరింది, తల కూడా మిగల్చలేదు.

కానీ నా ఒళ్ళు మండిపోతోంది. మన టాకీసులో సినిమా మూడు రోజులకే తీసేశారట, తెలుసా? నీకు తెలియకుండా ఉంటుందా, చర్చికీ నీకూ మధ్య ఉన్నది ఒక వీధేగా. పేరిష్ సినిమా సంఘం వాళ్ళు ఆదివారం ఉదయానికల్లా చర్చి తలుపు మీద "డి" అని ఎర్ర సిరాతో రాసి అంటించారట. ఎవరూ చూడకూడదని! ఈ దేశంలో "డి" మామూలుగా బూతు బొమ్మలకిస్తారని నీకూ తెలుసు, నాకూ తెలుసు. నా సినిమాలో చొక్కా విప్పేది ఒక్కడే, అదీ కుళాయి చిమ్మినప్పుడు!

అంతటితో పోయిందా? బిషప్‌గారి మేత్రాసనం వారపత్రికలో ఏకంగా సమీక్ష వేశారు. సంతకం లేదు. పంపిణీదారు ఫోన్లో రెండు వాక్యాలు చదివి వినిపించాడు. "పెద్దల్ని నవ్వులపాలు చేసి నలుగురిలో నిలబెట్టడమే ఈ చిత్రం పని. కడుపులో పెట్టుకుని పెంచినవాళ్ళని రోడ్డు మీద పడేసే బిడ్డలు ఎవరికీ వద్దు." ఎవరా ముసలి మొహం? ఆ సంఘం పెద్ద డోన్యా ఫెలిసిదాదేనా? ఆవిడకి ముద్దు సీను అంటే ఏమిటో కూడా తెలీదు, ఆవిడ మొగుడు రోజూ తాగి పడిపోయేవాడు.

నవ్వొచ్చే సంగతి కాదులే. ఆ పత్రిక మన ద్వీపంలో చర్చిలన్నిటికీ పోతుంది, అది చూసి వాళ్ళూ తలుపు మీద అదే "డి" అంటిస్తారు. అంతీకేలో విల్మర్ వాళ్ళమ్మ ఉంది. ఆరేళ్ళుగా వాడి పేరెత్తని మనిషి, మొన్న విల్మర్ అక్కతో "ఆ సినిమా వస్తే ఒకసారి చూస్తాను" అందట. పువ్వుల గౌను ఇస్త్రీ చేయించుకుందట. బయల్దేరి చర్చి ముందుగా వెళ్తూ తలుపు మీద ఆ "డి" చూసి, అక్కణ్ణించే ఇంటికి తిరిగొచ్చేసిందట. విల్మర్ అప్పట్నించీ అన్నం సరిగ్గా తినడం లేదు. నాకు ఎవర్ని కొట్టాలో తెలియడం లేదు.

ఇంకో పక్క మనీలాలో ఇన్నోసెన్సియో అని పెద్ద విమర్శకుడు. సినిమా అంతా బాగుంది గానీ ఒక్కచోట దర్శకుడు జావగారిపోయాడన్నాడు. ఎక్కడంటే, భోజనాల బల్ల దగ్గర. కుర్చీలు చాలవు. ఆ కుర్రాడు కంచం పట్టుకుని పెరట్లోకి పోబోతుంటే పెద్దమ్మ లేస్తుంది. వాణ్ణి తన కుర్చీలో కూర్చోబెట్టి, తన కంచం వాడి ముందు పెట్టి, ఫాదరుగారూ మేయరుగారి భార్యా వింటుండగా "వీడు ప్లంబరు కాదండీ, మావాడి మనిషి" అంటుంది. తను వంటింట్లోకెళ్ళి మూకుట్లోంచి తింటుంది. "ఇలాంటి పెద్దమ్మ ఈ దేశంలో ఎక్కడా లేదు, ఇది ఉత్త పంచదార పాకం" అని రాశాడు.

రేడియోలో నన్ను అదే అడిగారు. నాకు తిక్క రేగి, "ఉంది. మా పెద్దమ్మ అక్షరాలా అలాగే చేసింది" అనేశాను. అబద్ధమే. కానీ ఆ సీను రాస్తున్నప్పుడు అది అబద్ధమని నాకు అనిపించలేదు. నువ్వు సినిమా చూసుంటే అర్థమయ్యేది. ఎవరో చెప్పింది విని "దిక్కులేని దానిలా" అన్నావు చూడు, అది చదివి బాధ పడ్డాను.

నీ
నోనిలోన్


శాన్ ఇసిద్రో,
మార్చి 24, 1997

తోతో,

డోన్యా ఫెలిసిదాద్ పోయి ఏడాదైంది. చచ్చిపోయిన మనిషిని తిట్టకూడదు. ఆవిడ మొగుణ్ణి తిట్టుకో, వాడు నిజంగానే తాగుబోతు.

ఇది పరిశుద్ధ వారం. యేసయ్య పాట్లు చదివేవాళ్ళకి వంట నాదే. పందిట్లో వంతులవారీగా కూర్చుని పాడుతున్నారు. నా వంతు వచ్చినప్పుడు పుస్తకం పక్కావిడకి ఇచ్చేశాను. జలుబు అనుకున్నారు.

ఒక్క మాట అడుగుతాను, కోప్పడకుండా చెప్పు. ఆ కుర్చీ ఇచ్చే సీను సినిమాలో ఎక్కడుంది? మొదట్లోనా? మధ్యలోనా?

అబద్ధం చెప్పానురా. చూశాను. వచ్చిన రోజునే చూశాను. నీకు తెలుసుగా మన టాకీసు సంగతి. ఆట ఎప్పుడు మొదలైందో ఎవడిక్కావాలి, బజారు పని అయ్యాక లోపలికి పోవడం, చివర చూడటం, మళ్ళీ మొదలైతే మొదట చూడటం, "ఇదిగో ఇక్కడికే మనం వచ్చాం" అని లేచి రావడం. చిన్నప్పుడు నిన్నూ అలాగే తీసుకెళ్ళాను, నువ్వెప్పుడూ హంతకుడెవరో ముందు తెలుసుకుని తర్వాత హత్య చూసేవాడివి. నేను వెళ్ళేసరికి చీకట్లో ఆ లావుపాటావిడ వంటింట్లో నిలబడి తింటోంది. ఒక్కతే. అయిపోయింది. దీపాలు వెలిగాయి. మళ్ళీ మొదలైంది. ప్లంబరు మాట రాగానే హాలంతా నవ్వారు, కోరసోన్ మొగుడూ నవ్వాడు, వెనక్కి తిరిగి నన్ను చూశారు. కోరసోన్ మాత్రం నా చెయ్యి పట్టుకుంది, అది ఇంకా ఘోరం. నేను లేచి వచ్చేశాను. మిగతాది చూడకుండానే.

నన్ను కుక్కని చేసి వంటింట్లో వదిలేశావనుకున్నాను.

ఆ "డి" ఇచ్చినవాళ్ళెవరో తెలిసీ తెలియక ఇచ్చి ఉంటారు. వాళ్ళనేం తిట్టకు. ఆ అబ్బాయి వాళ్ళమ్మ గురించి చదివి చాలా బాధపడ్డాను. మనిషన్నాక పొరపాటు చెయ్యకుండా ఉంటారా?

ఇంకా రాద్దామనుకున్నాను. పందిట్లో బియ్యం అడుగుతున్నారు.

పెద్దమ్మ


కెసాన్ సిటీ,
ఏప్రిల్ 8, 1997

శాన్ ఇసిద్రో పేరిష్ సినిమా సంఘం వారికి,

అయ్యా, అమ్మా, తమరి సమీక్ష పూర్తి పాఠం నాకు నిన్న పోస్టులో చేరింది. ఫోన్లో వినిపించని ఆఖరి పేరా ఇప్పుడే చదివాను. తమరు రాసింది తమరికే ఒకసారి వినిపిస్తాను.

"పండగ రోజు పంది మాంసం, కందులు, పనసకాయ కలిపి వండే దృశ్యంలో ఆ నటి పుల్లటి బాట్వాన్ కాయల్ని మొదట్లోనే కుండలో వేసి మూత పెట్టింది. పులుపు ముందు పడితే గింజ మొండికేస్తుంది. ఈపాటి తెలియనివాళ్ళు కుటుంబం గురించి ఏం తీస్తారు?"

పులుపు ముందు పడితే గింజ మొండికేస్తుంది. మునిసిపల్ హైస్కూల్లో ముప్ఫయ్యేళ్ళు వంటల క్లాసు చెప్పిన టీచరుగారు ఆ మాట బ్లాకుబోర్డు మీద రాసి, పిల్లల చేత చదివించి, ఇంటికొచ్చి నాకు అన్నం పెడుతూ కూడా అనేది. మోక్షానికి పంపాలో నరకానికి పంపాలో తీర్పు రాస్తూ కూడా పులుసు సంగతి వదిలిపెట్టలేకపోయిన మనిషి ఈ ఫిలిప్పీన్ ద్వీపాలన్నిటిలో ఒక్కతే ఉంది.

నువ్వు ఆ సంఘంలో ఎప్పుడు చేరావు? డోన్యా పోయాకా? ఒక్క మాట నాకు రాయలేదే.

సగం సినిమా చూసి తీర్పు రాశావు. నిన్ను చూసి నవ్వారని రాశావు. అంతేగానీ, ఇద్దరు మగవాళ్ళు ప్రేమించుకున్నారని కాదు. ఆ కారణంగా అయితే కనీసం నీ నమ్మకం అని సరిపెట్టుకునేవాణ్ణి. నీ పరువు కోసం దేవుడి సంతకం పెట్టావు. మార్చి మూడున "ఇంకా చూళ్ళేదు" అని రాశావే, అప్పటికి నీ వేళ్ళకి ఎర్ర సిరా ఆరిందా?

నేను రాసిన ఉత్తరంలో ఆ రాసినవాళ్ళని తిడుతుంటే నువ్వు అవతల కూర్చుని చదివావు. విల్మర్ వాళ్ళమ్మ పువ్వుల గౌనుతో ఇంటికి తిరిగొచ్చిందని చదివి "మనిషన్నాక పొరపాటు" అని రాశావు. ఎవరో మూడో మనిషి పొరపాటు అన్నట్టు.

మే నెలలో మేము రావడం లేదు.

నోనిలోన్


శాన్ ఇసిద్రో,
ఏప్రిల్ 19, 1997

తోతో,

నేనే. ఆ మాట ముందు రాసేస్తున్నాను, లేకపోతే మళ్ళీ మేక దగ్గర మొదలెడతాను.

నీ ఉత్తరం మూడు ముక్కలు చదివి మడిచేశాను. జాకెట్లో దోపుకుని రోజంతా తిరిగాను. నువ్వు నన్ను "సంఘం వారికి" అన్నావు. తలకొట్టేసినట్టయింది. నీకు జ్వరం వస్తే రాత్రంతా గుండెల మీద పడుకోబెట్టుకున్న దాన్ని, సంఘం వారినయ్యాను. కానీ నువ్వు రాసిందాంట్లో ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఆ శనివారం నేను ఇంటికొచ్చి ముఖం కూడా కడుక్కోకుండా రాశాను. సంఘంలో మిగతా ఇద్దరూ సినిమా చూళ్ళేదు, "పెర్పెతువా టీచరు చూసింది కదా" అని సంతకం పెట్టారు. దేవుడి పని చేస్తున్నానని అనుకోవడానికి కూడా నాకు తీరిక లేదు. నన్ను చూసి నవ్వినవాళ్ళు ఇంకొకళ్ళకి చెప్పకూడదు, అంతే నా బాధ.

ఈస్టరు అయ్యాక జీప్నీ ఎక్కి ఇలోయిలో పట్నం వెళ్ళాను. అక్కడ ఒక పాత హాల్లో ఇంకా ఆడుతోంది. టికెట్టు ఇచ్చే పిల్లతో "మొదలయ్యేదాకా నన్ను లోపలికి పంపకు" అని బయట బల్ల మీద కూర్చున్నాను. ఆ పిల్ల నాకు మతి చెడిందనుకుంది. నా జన్మలో మొదటిసారి ఒక సినిమా మొదటి నుంచీ చివరిదాకా వరసగా చూశాను.

ప్లంబరు దగ్గర నవ్వారు. ఈసారి నేనూ నవ్వాను, ఎవరూ నన్ను ఎరగరు కదా. ఆ తర్వాత బల్ల సీను వచ్చింది. ఆ లావుపాటావిడ కుర్చీలోంచి లేచింది. నా పక్కన కూర్చున్న మార్కెట్టు ఆవిడ "అబ్బ, ఎంత మంచి తల్లో" అని ముక్కు చీదింది. అప్పుడురా, అప్పుడు పడ్డాను సిగ్గు. మన ఊరి హాల్లో అందరూ తిరిగి చూసినప్పుడు పడ్డది సిగ్గే కాదు, అది పొగరు దెబ్బతినడం. నేను చెయ్యని మంచిపని నా చేత చేయించి, నన్ను ఇంత ఎత్తున కూర్చోబెట్టావు. నేను కుర్చీ ఇవ్వలేదు తోతో. ఆ రోజు ఆ అబ్బాయి గట్టు మీద కూర్చుని తింటుంటే వంటింటి కిటికీలోంచి చూశాను కూడా. కూర సరిపోయిందా అని కూడా అడగలేదు. ఫాదరుగారికి రెండోసారి వడ్డించాను. నువ్వు నన్ను ఎక్కడ పెట్టావో చూసి నేలలోకి కుంగిపోయాను.

ఇంటికొచ్చి సంఘానికి రాజీనామా ఇచ్చాను. ఆదివారం పూజ కాగానే, మాటలు చెబుతూ నిలబడ్డ జనం ముందే, చర్చి తలుపు మీద వేరే కాగితం అంటించాను. "ఈ సినిమాకి డి ఇచ్చింది నేను, సగమే చూసి ఇచ్చాను, అందులోది నేనే గనక ఇచ్చాను, పూర్తిగా చూశాక 'ఏ' ఇస్తున్నాను, అందరూ చూడొచ్చు" అని రాసి, కింద నా పేరు పూర్తిగా రాశాను. మేయరుగారి భార్య చదివి, "పెర్పెతువా, ఇంట్లో సంగతులు ఇలా తలుపు మీద పెడతారా?" అంది. "మొదటిసారి పెట్టినప్పుడు అడగలేదే?" అన్నాను. ఫాదరుగారు మధ్యాహ్నానికల్లా ఆ కాగితం తీయించేశారు. ఈలోగా చదవాల్సినవాళ్ళు చదివారు. ఇప్పుడు బజారుకెళ్తే మాట ఆపేస్తున్నారు. ఆపనీ.

ఇంకో పని కూడా చేశాను. ఆ ఇన్నోసెన్సియోగారి పేపరుకి ఉత్తరం రాశాను. "ఆ పెద్దమ్మని నేనే. తమరు రాసిందే నిజం. అలాంటి పెద్దమ్మ ఎక్కడా లేదు. నేను ఆ రోజు లేవలేదు, ఆ అబ్బాయికి కుర్చీ ఇవ్వలేదు. మావాడు నన్ను కాపాడటానికి అబద్ధమాడాడు. తప్పు సినిమాది కాదు, నాది" అని. ప్రచురిస్తారో లేదో.

ఇద్దరూ రండి. ఈ ముక్క ఫిబ్రవరిలోనే రాయాల్సింది.

నీ పెద్దమ్మ


కెసాన్ సిటీ,
మే 2, 1997

పెద్దమ్మా,

ప్రచురించారు. ఆదివారం అనుబంధంలో, పెట్టె కట్టి మరీ. మనీలా మొత్తానికి నన్ను అబద్ధాలకోరుని చేశావు. ఇన్నోసెన్సియో పక్కనే చిన్న వ్యాఖ్య రాసుకున్నాడు, "విమర్శకుడి జీవితంలో ఇలాంటి రోజు ఒక్కటి వస్తే చాలు" అని. చూసినవాళ్ళందరూ ఫోన్లు. నిర్మాత మాత్రం హాళ్ళు మళ్ళీ నిండుతున్నాయని ఎగిరి గంతేస్తున్నాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను. నిన్ను తిడదామని కాగితం తీశాను, చర్చి తలుపు ముందు నువ్వొక్కదానివే నిలబడి ఉన్నట్టు కనిపించి ఆపేశాను.

కోపం పోలేదు. సగం పోయింది.

కానీ అసలు సంగతి వేరే. పేపరు విల్మర్ చదివాడు. నీ ఉత్తరాలన్నీ కూడా వాడికి ఇచ్చాను, దాచలేదు. అన్నీ చదివి, మడిచి, వరసగా కవర్లలో పెట్టాడు. వాడు అరిచే మనిషి కాదు, నీకు తెలుసు. తెలియదేమోలే. చివరికి ఒక్క మాటన్నాడు.

"మీ పెద్దమ్మ నీకు క్షమాపణ చెప్పుకుంది. చర్చికి చెప్పుకుంది. మనీలా పేపరుకి కూడా చెప్పుకుంది. గట్టు మీద కూర్చుని తిన్నది నేను కదా నోనీ?"

నీ ఉత్తరాలన్నీ తిరగేసి చూశాను. అన్నిటిలోనూ వాడు "ఆ అబ్బాయే".

పండక్కి రావడం గురించి నేను ఇప్పుడు ఏమీ చెప్పలేను. అది నా చేతిలో లేదు. వాడు రానంటే నేనూ రాను.

నోనిలోన్


శాన్ ఇసిద్రో,
మే 8, 1997

నాన్నా తోతో,

ఇది చేరేసరికి మీరు పండక్కి బయల్దేరే టైము ఉండదు. ఉండకపోనీ. పండక్కి రమ్మనడానికి రాస్తున్నది కాదు.

నిన్న నీ ఉత్తరం రాగానే పొయ్యి మీదది దించేసి కాగితం తీసుకుని కూర్చున్నాను. నీకు కాదు, అతనికి రాద్దామని. ఏం రాయాలో అంతా తోచింది, ఎక్కడా తడుముకోలేదు. ఆ రోజు నేను ఏమన్నానో, ఎందుకన్నానో, కిటికీలోంచి చూసి కూడా ఎందుకు పిలవలేదో, వాళ్ళమ్మ విషయంలో నేను చేసింది ఎంత పాపమో, అన్నీ రాశాను. ఎక్కడా దేవుణ్ణి అడ్డు పెట్టుకోలేదు. వాళ్ళమ్మ ఒప్పుకుంటే అంతీకే వెళ్ళి ఆవిడ ఎదుటే చెబుతానని కూడా రాశాను. నీకు చూపించను, అది అతనికి రాసింది.

మడిచి కవర్లో పెట్టాను. అంటించాను. నీ కవర్లోనే పెట్టి పంపొచ్చు గానీ, ఇన్నాళ్ళూ అతన్ని నీ వెనకాలే నిలబెట్టాను, ఇది నేరుగా అతని పేరు మీదే పోవాలనుకున్నాను. కలం తీసుకుని కవరు మీద "విల్మర్" అని రాశాను.

ఆ తర్వాత ఏం రాయాలో నాకు తెలియలేదు. బడిలో ముప్ఫయ్యేళ్ళు హాజరు పిలిచినదాన్ని, ఒక్క పిల్లకైనా ఇంటిపేరు మర్చిపోలేదు. అతను మన ఇంటికొచ్చాడు, నా చేతి వంట తిన్నాడు, నీతో ఇన్నేళ్ళుగా కాపురముంటున్నాడు. అడగాలని ఒక్కసారైనా నాకు తోచలేదు. చాలా సిగ్గుగా ఉందిరా.

అతని ఇంటిపేరు ఏమిటి?

పెద్దమ్మ